జెనీవాకు పోయిన మా అత్త ఏడుపు

గడప మీద కూర్చోకండి, లోపలికి రండి. చాప పరిచాను, పొయ్యి దగ్గరికి జరగండి. పసిపిల్లలుంటే ఒళ్లో పడుకోబెట్టుకోండి, ఇది సగంలో లేచిపోయే ముచ్చట కాదు. మేము పోయింది పెద్ద దూరమేమీ కాదు. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ, మళ్లీ ఇల్లు. మా మాట మాత్రం సముద్రాలు దాటింది. అదెట్లా దాటిందో, ఆ దారి పోనివాళ్లకు చెప్పాలని కూర్చున్నాను.

మాది దామరచర్ల పక్కన ఒక తండా. లంబాడీలం. ఇంట్లో మా మాట, బజారుకు పోతే తెలుగు. తండా వెనక బంచెరాయి ఉంది, అంటే అందరి పశువులూ మేసే బీడు. అందులోనే మా సీత్ల పండుగ జరిగే చోటు. అక్కడ ఏడు రాళ్లుంటాయి, ఏడుగురు అమ్మలు. ఆషాఢంలో పశువులన్నిటినీ వాళ్ల ముందు నుంచి నడిపిస్తాం. పక్కనే మా తాగునీటి బావి.

తొంభైల మొదట్లో ఆ బీడును రాతి క్వారీకి రాసిచ్చారు. మందుగుండు పేలిస్తే ఇళ్లమీద రాళ్లు పడేవి. బావినీళ్లు సున్నం కలిపిన నీళ్ల లాగ అయ్యాయి. క్వారీ రోజురోజుకూ ముందుకు జరుగుతూ ఉంది. ఇంకో ఏడాది ఆగితే ఏడు రాళ్లూ, బావీ రెండూ పోతాయని అందరికీ కనబడుతూనే ఉంది.

అప్పుడు హైదరాబాదు నుంచి ఒక వకీలమ్మ కబురు పంపింది. జెనీవా అనే ఊళ్లో అన్ని దేశాలవాళ్లూ కలిసి ఏటేటా ఒక సభ పెడతారట. అడవులవాళ్లు, కొండలవాళ్లు, తండాలవాళ్లు ఎవరైనా పోయి తమ మాట చెప్పుకోవచ్చట. ఆమె పోతున్నది. సూర్యాపేటలో తండాలవాళ్ల కథలన్నీ వింటుంది. కానీ మాట్లాడటానికి ఇచ్చేది ఐదు నిమిషాలే గనక, ఒక్క తండా కథే పడుతుంది. ఏది తీసుకుపోయేదీ కోదాడలో చెబుతానంది.

ముగ్గురం బయలుదేరాం. మా అత్త సక్రిబాయి, తండాకు నాయకుడైన మా చిన్నమామ లచ్చు నాయక్, నేను. అత్తకు తెలుగు అర్థమవుతుంది గానీ కడుపులో మాట చెప్పాలంటే మా మాటలోనే వస్తుంది. దాన్ని తెలుగులో చెప్పడానికి నేను.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. కోడలు మామల ముందు ముసుగు తీయదు, వాళ్లతో మాట్లాడదు, వాళ్లు వింటుండగా గొంతెత్తదు, అత్తింటి పెద్దల పేర్లు నోట పలకదు. వాళ్లూ కోడలితో మాట్లాడరు. ఇప్పుడు వయసు మీదపడ్డాక మీకు ముచ్చట చెబుతూ పేర్లు పలుకుతున్నాను గానీ, అప్పుడు నోరు దాటనిచ్చేదాన్ని కాదు. అందుకని చిన్నమామ నాకు ఏదన్నా చెప్పాలంటే మేం తెచ్చుకున్న బట్టల మూటకు చెప్పేవాడు.

"ఓ మూటా, కిటికీ పక్కన కూసో. ఎండ అటు దిక్కు లేదు."

నేను పోయి కిటికీ పక్కన కూర్చునేదాన్ని.

మిర్యాలగూడ

మిర్యాలగూడ రాకముందే వాసన వస్తుంది. వడ్లు ఉడకబెట్టిన వాసన. ఊరి చుట్టూ మిల్లులే. ఊక పొగ గాలిలో ఎగిరి ముసుగు మీద నల్లగా పడుతుంది. మా వాళ్లు చాలామంది అక్కడ హమాలీలు. ఆ రాత్రి అత్త చెల్లెలి ఇంట్లో దిగాం. ఇద్దరూ ఒకరి మెడ మీద ఒకరు తల పెట్టి, రాగం తీసి, చాలాసేపు ఏడ్చారు. మీకు వింతగా ఉండొచ్చు. మా ఆడవాళ్లు చాలాకాలానికి కలిస్తే నవ్వరు, ఏడుస్తారు. పోయిన కలయిక నుంచి ఇప్పటిదాకా ఏమేం జరిగిందో అంతా ఆ ఏడుపులోనే చెప్పుకుంటారు. అది అయ్యాకనే నీళ్లు, అన్నం.

పక్కింటి తెలుగామె పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, ఎవరు పోయిండ్రే?"

"ఎవరూ పోలె అక్కా. మా అక్క వచ్చింది," అని కళ్లు తుడుచుకుని నవ్వింది చిన్నత్త.

అన్నంలోకి పప్పుచారు పెట్టారు. మిల్లు ఊళ్లో అన్నం తెల్లగా, పొడిపొడిగా ఉంటుంది. మా తండాలో అప్పటికింకా పండుగకే వరన్నం, తక్కిన రోజులు జొన్నరొట్టె. అత్త రెండు ముద్దలు తిని, కొంగులో కట్టుకున్న రొట్టె మెల్లగా బయటికి తీసింది.

"ఈ అన్నం కడుపుల నిలవదే. ఊదితె ఎగిరిపోయేటట్టున్నది."

పక్కింటామె మా పయనం సంగతి విని బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఈడ మండలాఫీసుల కాని పని గా దేశంల అయితదా? ఆళ్లకు మీ బావి ఎరికేనా, మీరు ఎరికేనా?"

"ఎరిక చేద్దామనే పోతున్నం," అంది అత్త.

పొద్దున సూర్యాపేట బస్సు ఎక్కాం. అత్త కూర్చోగానే కునుకు తీసింది. చిన్నమామ రాగిచెంబు పట్టుకుని నీళ్లకు దిగాడు. బస్సు కదిలింది. ఆయన్ను పిలవాలంటే పేరు పలకరాదు. అత్తను కుదిపితే లేవలేదు. 

"ఆపుండ్రి! ఎర్రపాగా దిగింది! ఎర్రపాగా!" అని అరిచాను.

కండక్టర్ వెనక్కి తిరిగాడు. "పాగా పడితె ఇంకోటి కొనుక్కో తల్లీ."

"పాగా కింద మనిషున్నడు!"

"పేరేంది మరి? పిలుస్త."

"పేరు చెప్పరాదు."

"ఓహో, మొగుడా?"

"థూ! చిన్నమామ!"

బస్సంతా ఒకటే నవ్వు. వెనక సీటులో పొగాకు నములుతున్న ముసలాయన తల బయటికి పెట్టి, "ఓ ఎర్రపాగా! నీ కోడలు పిలుస్తున్నదిరో!" అని కేక వేశాడు. చిన్నమామ పరుగెత్తుకొచ్చి ఎక్కాడు. చెంబులో నీళ్లు సగం చొక్కా మీదే ఉన్నాయి. కూర్చుని, ఊపిరి తీసుకుని, మూటతో అన్నాడు, "మూటా, నోరు గట్టిదే."

సూర్యాపేట

సూర్యాపేటకు పెద్దరోడ్డే ప్రాణం. హైదరాబాదు, విజయవాడ బస్సులు అక్కడ ఆగకుండా పోవు. హోటళ్ల ముందు జనం దిగి, గబగబా తిని, మళ్లీ ఎక్కి పోతుంటారు. ఎవరూ ఎవరి మొహం చూడరు. మా తండాలో కొత్త మనిషి వస్తే కుక్క దగ్గర నుంచి నాయకుడి దాకా ఆరా తీస్తారు. అక్కడ అత్త అద్దాల పైట చూసి టీ కొట్టు పిల్ల ఒక్కతే దగ్గరికొచ్చి మొహం చూసుకుని బొట్టు సరిచేసుకుంది. టీ రూపాయి. చిన్న గ్లాసు. అత్త గ్లాసు తిప్పి అడుగు చూసింది, ఇంకా ఏమన్నా ఉందేమోనని.

ఎండాకాలం సెలవులకు మూసిన హాస్టలు గదిలో వకీలమ్మ కూర్చుంది. సన్నగా, నూలు చీరలో, నవ్వు మొహంతో ఉంది. ముందే ఉన్నమాట చెప్పింది.

"అది కోర్టు కాదు నాయక్ గారూ. తీర్పు ఇవ్వరు. పోలీసుల్ని పంపరు. చెప్పింది వింటరు, రాసుకుంటరు, అచ్చు వేస్తరు. మన సర్కారు మనుషులు కూడా అదే గదిలో కూర్చుని వింటరు."

చిన్నమామ మొహం చిన్నబోయింది. "తీర్పియ్యని పంచాయితీకి ఎందుకమ్మా ఇంత దూరం?"

"మీ తండాలో కొడుకు తల్లికి బువ్వ పెట్టకపోతే ఏం చేస్తరు?"

"నలుగుర్ల నిలబెడతం."

"దండుగ వేస్తరా?"

"ఎందుకు? నలుగుర్ల నిలబడ్డంక ఆ రాత్రే పెడతడు."

"ఇదీ గట్లాంటిదే," అంది వకీలమ్మ.

చిన్నమామ పాగా సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పిందామె. అర్జీ తీసుకుని విచారణ చేసే చోట్లు వేరే ఉన్నాయట. వాటికి పోవాలంటే ముందు ఇంటి తలుపులన్నీ కొట్టి ఉండాలట. ఈ సభకు ఆ అడ్డం లేదు, కానీ ఏ తలుపులు కొట్టామో చెబితే మాటకు బలం.

"మండలం, మిర్యాలగూడ, నల్లగొండ," అన్నాడు చిన్నమామ. "అన్ని మెట్లకు నా చెప్పులు ఎరికే."

అప్పుడామె అత్త వైపు తిరిగింది. "పెద్దమ్మా, మీరెవరో చెప్పండి."

లంబాడీని మీరెవరని అడిగితే జవాబు ఒకటే. అత్త కళ్లు మూసుకుంది, చెవి మీద చెయ్యి పెట్టుకుంది, దారి పాట ఎత్తుకుంది. మార్వాడ ఇసుక నేల నుంచి ఎద్దుల మీద ఉప్పు వేసుకుని మా తాతలు ఎట్లా బయలుదేరారో, ఏ నది దగ్గర ఏ ఎద్దు పోయిందో, ఏ రాజు దండుకు ధాన్యం మోశారో, అంతా. నేను వకీలమ్మ చెవి దగ్గర వెంటవెంటనే తెలుగులో చెబుతూ పోయాను. గదిలో ఉన్న వేరే తండాలవాళ్లు చప్పట్లతో తాళం వేశారు. మా కథే గెలిచిందనుకున్నాను.

వకీలమ్మ కలం కింద పెట్టింది.

"పాట చాలా బాగుంది పెద్దమ్మా. కానీ అక్కడ ఇదే చెబితే సర్కారు మనిషి లేచి ఏమంటడో తెలుసా? వీళ్లే చెబుతున్నరు గదా ఎక్కడినుంచో వచ్చినోళ్లమని, ఇది వీళ్ల నేల ఎట్లయితది, అంటడు. మిగతా నాలుగు నిమిషాలు దానికే సరిపోతయ్."

 అత్త చెవి మీద చెయ్యి ఇంకా తీయలేదు.

"మరి మా తాతల్ని దాచిపెట్టాల్నా?" అంది. "బావి కోసం తాతల్ని లేరంటనా? అనను."

"అబద్ధం చెప్పమనటం లేదు. ఎట్లా చెప్పాల్నో నాకూ తెలుస్తలేదు," అంది వకీలమ్మ. ఆ మాట ఆమె దాపరికం లేకుండా అంది. "కోదాడలో మళ్లీ కూర్చుందాం. తిరుమలగిరి దిక్కు తండా వాళ్ల కథ కూడా ఉంది. అప్పుడు చెబుతాను."

ఆ సాయంత్రం అత్త ఏమీ తినలేదు. చిన్నమామ మూటతో కూడా మాట్లాడలేదు.

కోదాడ

కోదాడలో దిగగానే మాట మారింది. పొద్దున సూర్యాపేటలో "ఏడికి పోతున్నరే" అన్నారు, ఇక్కడ "ఎక్కడికెళ్తున్నారమ్మా" అంటున్నారు. హోటలాయన మా బట్టలు చూసి కూడా చాలా మర్యాదగా, "పెసరట్టు వెయ్యమంటారా? అల్లం పచ్చడి బావుంటుంది, తిని చూడండి," అన్నాడు. మూడు రూపాయలు.

"పెసర్లు నానబెడితె ఉడకేసి గుడాలు చేసుకుంటరు గని, రుబ్బి కాలుస్తరా?" అంది అత్త. కానీ ముందు రోజు పస్తు గనక రెండు తిన్నది. అల్లం పచ్చడికి కళ్లనీళ్లు కారాయి. "ఈళ్ల మాట తియ్యన, పచ్చడి కారం. మనకాడ ఉల్టా," అని చాలారోజుల తర్వాత కూడా చెప్పేది.

వకీలమ్మ ఒక బడిలో ఉంది. ఆమె పక్కన ఒక పరాయిదేశపు ఆడమనిషి. సముద్రం అవతల ద్వీపాల కొండల నుంచి వచ్చిందట. విజయవాడ పోతూ మధ్యలో దిగింది. జెనీవాలో ఎన్నోసార్లు మాట్లాడిన మనిషి. ఎర్రచారల నేత లుంగీ కట్టుకుంది. అత్త నేరుగా పోయి ఆ నేత పట్టుకుని చూసింది. ఆమె అత్త పైట అద్దాలు తడిమింది.

"ఎంత దూరం నుంచి వచ్చింది?" అని అడిగింది అత్త.

"విమానంలో సముద్రం దాటి," అంది వకీలమ్మ.

"గంత దూరం నుంచి వచ్చిన ఆడబిడ్డను ఊకె నిలబెట్టిండ్రా!"

అంటూనే ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద తల పెట్టి, రాగం ఎత్తుకుంది. పాపం ఆమె కొయ్యబారిపోయింది. చేతులు గాలిలోనే ఉన్నాయి. వకీలమ్మను ఏదో అడిగింది.

"ఎవరు చనిపోయారని అడుగుతున్నది," అంది వకీలమ్మ కంగారుగా.

"ఎవరూ సావలె మేడం," అన్నాను. "వచ్చినందుకు ఏడుస్తున్నది."

అది విన్నాక ఆమె చేతులు దిగి అత్త వీపు మీదికి వచ్చాయి. ఇద్దరూ అట్లాగే మెల్లగా ఊగారు. ఏడుపులో ఏముందో నేను ఒక్కో మాటా పట్టి వింటున్నాను. నిన్న పాటలో లేనిదంతా అందులో ఉంది.

వకీలమ్మ టేపురికార్డరు నొక్కింది. అయిపోయాక తిప్పి వింటే బ్యాటరీలు దిగిపోయినట్టున్నాయి, అత్త గొంతు ముసలి బర్రె అరిచినట్టు వచ్చింది.

"నా గొంతు గట్లుంటదా?" అని అత్త అలిగింది. మళ్లీ ఒక్కసారి ఏడవమని వకీలమ్మ బతిమాలింది.

"కలిసినప్పుడు ఒక్కపాలే. మళ్ల ఏడిస్తె సావేడుపు అయితది. కమ్లీ విన్నది గదా, అదే చెప్తది."

కమ్లీ అంటే నేను. చిన్నమామ ముందు, నలుగురిలో, నేను నోరు విప్పాలి. ముసుగు ఇంకాస్త కిందికి లాక్కున్నాను.  చిన్నమామ లేచి బయటికి పోయి, కిటికీ అవతల మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. చుట్ట వెలిగించాడు.

నేను చెప్పాను.

"దూరపు బిడ్డా, ఎన్నాళ్లకు వచ్చినవ్. నీకు సల్ల పోద్దామంటె నా ఎర్రావు లేదు, క్వారీ రాయి పడి నడుమిరిగింది. నీళ్లిద్దామంటె బావి తెల్లబడ్డది. మా పెద్దాయన తవ్విన బావి. పెండ్లయి వచ్చిన్నాడు నేను తొంగిచూసి నా మొకం సూసుకున్న బావి. నిన్ను ఏడుగురమ్మల కాడికి తోల్కపోదామంటె దారికి కంచె వేసిండ్రు. ఆషాఢం వస్తున్నది, మా పసులు ఎటు నడవాలె? నా కొడుకుల బొడ్డుతాళ్లు ఆ మట్టిలనే పాతిపెట్టిన. నిన్ను కూసోబెట్టడానికి నాకు జాగ ఏడున్నది బిడ్డా?"

వకీలమ్మ గబగబా రాసుకుంటున్నది. "బావి తవ్విన పెద్దాయన పేరు? అక్కడ పేర్లు కావాలి. పేరు లేకపోతే గాలిమాట అయిపోతది."

పేరు నేను పలకరాదు. బావి తవ్వినాయన అత్తకు మామ, ఆమె కూడా పలకరాదు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడు బయటి నుంచి గొంతు వచ్చింది.

"ఓ కిటికీ! భీక్యా అని చెప్పు గామెకు."

"క్వారీకి కంచె వేసినప్పుడు అడ్డుపడింది ఎవరు?" అని అడిగింది వకీలమ్మ.

"కిటికీ! నేనే అని చెప్పు. లచ్చు నాయక్ అని రాస్కోమను."

పరాయిదేశపామె ఇదేమిటని అడిగింది. వకీలమ్మ చెప్పేసరికి కడుపు పట్టుకుని నవ్వింది. తమ కొండల్లోనూ అల్లుడు అత్త పేరు పలకడట. ఆ తర్వాత నవ్వు ఆపి, వకీలమ్మతో చాలాసేపు మాట్లాడింది. వకీలమ్మ మాకు చెప్పింది:

"వాళ్ల తాతలు కూడా పడవల మీద వచ్చినవాళ్లేనట. ఆ మాట చెప్పినా ఆమెను అక్కడ ఎవరూ లేచి పొమ్మనలేదట. మీరు ఎవరో మీరే చెప్పుకోవాలి, దానికి ఇంకొకరి చీటీ అక్కర్లేదంటున్నది. కాకపోతే నిన్నటి పాట 'ఎవరు మీరు' అంటే పాడేది. ఈ ఏడుపు 'ఏం జరిగింది' అంటే చెప్పేది. అక్కడ అడిగేది రెండోదట. దాంతోనే మొదలుపెట్టమంటున్నది."

"అయితే తాతల మాట?" అంది అత్త. వదల్లేదు.

"ఒక్క ముక్క ఉంచుదాం. చివర్లో. మీరే చెప్పండి."

అత్త ఆలోచించింది. బయట చుట్ట వాసన ఆగిపోయింది, ఆయనా వింటున్నాడు.

"ఎద్దుల మీద బరువుతోని వచ్చినం," అంది మా మాటలోనే. "ఈడ దించినం. దించిన బరువు మళ్ల ఎత్తలె."

నేను తెలుగులో చెప్పాను. వకీలమ్మ ఇంగ్లీషులో చెప్పింది. పరాయిదేశపామె తల ఊపి, అత్త చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుంది.

తర్వాత వకీలమ్మ గడియారం పెట్టి చదివింది. ఎక్కువ వచ్చింది. ఎర్రావును తీసేద్దామంటే అత్త ఒప్పుకోలేదు. "ఆవును తీస్తె సల్ల పోతది. సల్ల పోతె ఆమెకు నేనేమిచ్చిన?" చివరికి మెట్లెక్కిన ఆఫీసుల వివరం కుదించారు, ఆవు నిలిచింది. చివర మేం కోరేది కూడా రాశారు. ఏడు రాళ్లూ, బావీ, పశువుల దారీ వదలాలి. బీడు ఎవరిదో మమ్మల్ని పిలిచి కొలవాలి.

ఇది తీసుకుపోతున్నానంది వకీలమ్మ. తిరుమలగిరి దిక్కు తండావాళ్లు కాస్త చిన్నబుచ్చుకున్నారు. వాళ్ల నాయకుడే మళ్లీ లేచి, "వచ్చే ఏడు మాది. మా కాడ ఇంకా గట్టిగ ఏడ్చేటోళ్లున్నరు," అన్నాడు.

తిరుగు దారి

హుజూర్‌నగర్ మీదుగా వచ్చాం. అత్త మిర్యాలగూడ చెల్లెలికని అల్లం పచ్చడి ఆకులో కట్టించుకుంది. అది కారి మూటంతా ఎర్రబడింది. చిన్నమామ ఆ మూట తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు.  కృష్ణ గాలి తగిలాక అన్నాడు.

"మూటా, మాట మంచిగున్నది."

నేను ముసుగులో నవ్వుకున్నాను.

ఆషాఢం దాటాక వకీలమ్మ తండాకే వచ్చి చెప్పింది. ఆ గదిలో ఈకల టోపీలవాళ్లు, తోలు బట్టలవాళ్లు, రకరకాల మనుషులు కూర్చున్నారట. ఎర్రావు చనిపోయిన చోట ఎవరో ముక్కు చీదారట. మన సర్కారు మనిషి లేచి పరిశీలిస్తామని తియ్యగా ఒక మాట అన్నాడట. అదీ ఇదీ అంతా అచ్చయింది. ఆ అచ్చు పట్టుకుని ఆమె, చిన్నమామ మళ్లీ అవే మెట్లు ఎక్కారు. ఈసారి కుర్చీ వేశారని చిన్నమామ ఇప్పటికీ చెబుతాడు.

తర్వాత ఒకనాడు జీపు వచ్చింది. సర్వే చేసేవాళ్లు గొలుసు, గుంజలు దించారు. తండా మొత్తం బీడులో చేరింది. క్వారీ మనుషులు ఒక పక్క నిలబడ్డారు. ఆఫీసరు అడిగాడు, "పశువుల దారి ఎటునుంచి ఎటు? బావి హద్దు ఎంత? ఎవరు చెబుతరు? ఒక్కరే చెప్పాలె."

మగవాళ్లంతా చిన్నమామ వైపు చూశారు. నాయకుడు ఉండగా ఇంకెవరు చెబుతారు? ఆయన పాగా సర్దుకున్నాడు. మా వైపు చూడలేదు. నేలలో పాతిన గుంజ మీద చెయ్యి వేశాడు.

"ఓ గుంజా," అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేటట్టు. "గా ముసుగులున్న మనిషిని ముందుకు రమ్మను. ఆమె చెప్తది. పేర్లు కావాలంటె నేనున్న."

ముందుకు పోయాను. చెప్పాను. పేరు అవసరమైనప్పుడల్లా గుంజ పలికింది.

మిగతా బీడు సంగతి ఇంకా తగవులోనే ఉంది. అదీ వస్తుంది, మేం వదలం. కానీ ఆ రోజు గొలుసు ఏడు రాళ్లకూ, బావికీ, పశువుల దారికీ అవతల పడింది. క్వారీ అక్కడే ఆగింది. మరుసటి ఆషాఢంలో పశువులు మునుపటి లాగే అమ్మల ముందు నుంచి నడిచాయి. అత్త అన్నిటికన్నా ముందు ఎర్రావు దూడను నడిపించింది.

ఇగ లేవండి, పొద్దు పోయింది. మా అమ్మల పేరు మీద చెబుతున్నాను: మీ ఇంటి చీమ చల్లగుండాలి, మీ చెట్టు చల్లగుండాలి, మీ కొట్టం నిండా పశువులుండాలి, మీ బావిలో మీ మొహం మీకు తేటగా కనబడాలి. మీ వాకిట్లోకి దూరపు ఆడబిడ్డ వస్తే కూర్చోబెట్టడానికి జాగా, పోయడానికి చల్ల ఎన్నడూ కరువు కావద్దు.